పుస్తకాల బీరువాకి గంధం రంగు

నేను పుట్టి పెరిగిన వన్ టౌన్‌లో, డెబ్భైల దాకా, కాస్త కలిగిన ఇంట్లో ఏ సామాను చూసినా ఒకటే రంగు. మంచం, బీరువా, పడక్కుర్చీ, గోడ గడియారం పెట్టె, అన్నీ డికాక్షన్‌లో ముంచి తీసినట్టుండేవి. వాటిలో సగానికి ఆ రంగు పెట్టింది మా నాన్నే. ఆయన పాలిష్ మేస్త్రీ. వడ్రంగులు చేసిన సామాను బోసి చెక్కగా మా వసారాలోకి వచ్చేది. నాన్న దానికి గరుకు ఉప్పుకాగితం పట్టి నున్నగా చేసి, రంగు పెట్టి, స్పిరిట్‌లో కరిగించిన లక్కతో మెరుగు తెచ్చి పంపేవాడు. మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ వాసనకి ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం అది లేకపోతే నిద్ర పట్టేది కాదు.

హార్బరు మాకెంత దగ్గరంటే, ఓడ కూత వేస్తే వంటింట్లో గిన్నెలు సన్నగా మోగేవి. దానితో పాటు దుమ్ము కూడా వచ్చేది. ఓడల్లోకి ఎత్తే ఇనుప రాయి దుమ్ము, ఎర్రగా, మెత్తగా, కంటికి కనబడకుండా వచ్చి ఆరేసిన బట్టల మీదా మూత పెట్టని పాల మీదా వాలేది. తడి పాలిష్‌కి అంతకు మించిన శత్రువు లేదు. అందుకని నాన్న రంగు పెట్టే రోజు అమ్మ తన పాత చీరలు తడిపి, పిండి, వసారా చుట్టూ తెరల్లా కట్టేది. దుమ్మంతా ఆ తడికి అంటుకునేది. ఎండ ఆ చీరల్లోంచి వడకట్టుకుని లోపలికి వచ్చేది. నీలం చీర ఉన్న వైపు నేల నీలంగా, ఆకుపచ్చ చీర ఉన్న వైపు పచ్చగా ఉండేది, గాలి వీస్తే ఆ రంగులన్నీ నేల మీద మెల్లగా జరిగేవి. ఇప్పటికీ నాకు కలలో ఇల్లంటూ వస్తే ఆ వసారాయే వస్తుంది, అందులో మనుషులు మాట్లాడుతూనే ఉంటారు గానీ ఏం మాట్లాడుతున్నారో వినబడదు.

ఈ చెప్పబోయేది ఎనభైల మొదట్లో సంగతి. అప్పటికి నాకు పెళ్ళయింది. మావారు పోర్టులో పని చేసేవారు, కాపురం రెండు సందుల అవతలే. ఆయన డ్యూటీకి వెళ్ళగానే నేను కుట్టుపని సంచి పట్టుకుని అమ్మ దగ్గరికి వచ్చేసేదాన్ని. చీరలకి ఫాల్స్ కుట్టేదాన్ని. చీర అంచు రంగుకి దారం సరిపోల్చడంలో నాకో పేరుండేది. దారాల కొట్టతను నన్ను చూడగానే డబ్బాలన్నీ బల్ల మీద బోర్లించి, ఏరుకోమ్మా అని తన పని తాను చూసుకునేవాడు. అది ఏదో గొప్ప విద్యని నేనెప్పుడూ అనుకోలేదు.

ఒకరోజు ఊరికి ఆ చివర కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీ కాలనీ నుంచి ఒక ఇంజనీరు గారి భార్య వచ్చింది. వాళ్ళాయనకి పుస్తకాల పిచ్చట. రెండు తలుపుల బీరువా ఒకటి చేయించారు. చెక్క టేకు కాదు. విదేశాల నుంచి యంత్రాలు వచ్చిన పెద్ద పెద్ద పెట్టెలు విప్పగా మిగిలిన చెక్క. మా వీధిలో దాన్ని ఓడచెక్క అనేవాళ్ళు. తెల్లగా, మెత్తగా, గోరుతో నొక్కితే గుంట పడేట్టుంటుంది. ఆవిడ వసారాలో ఉన్న ముదురు సామానంతా చూసి కొంచెం కంగారు పడింది.

"మేస్త్రీ గారూ, మా గదులు చిన్నవి. ఇలాంటి రంగు పెడితే గది మూసుకుపోతుంది. చెక్క చెక్కలాగే కనబడాలి. లేతగా, అంతటా ఒక్కలా ఉండాలి, గంధం రాసినట్టు. ఇద్దరు మేస్త్రీలని అడిగాను. ఈ చెక్కకి కుదరదన్నారు."

నాన్న ఆవిడ మచ్చుకి తెచ్చిన చెక్క ముక్క మీద అరచెయ్యి ఆనించి అటూ ఇటూ రాశాడు. "సేత్తానమ్మా," అన్నాడు.

ఆవిడ వెళ్ళాక నేనడిగాను, ఎప్పుడూ చెయ్యని పని ఎందుకు ఒప్పుకున్నావని. నాన్న నవ్వాడు.

"ముదురు రంగు దుప్పటి నాంటిదమ్మా. కప్పుకుంటే లోపటేటున్నా కనపడదు. ముడి, గీత, సేతకానితనం, అన్నీ దాసేత్తాది. లేత రంగు అలగ కాదు. సొక్కా నేకుండా పెళ్ళికెల్లినట్టుంటాది. ఓపాలి అదీ సూద్దారి."

బీరువా ఎడ్లబండి మీద వచ్చింది. మా అమ్మకి ఒక అలవాటుంది. ఏ సామాను ఇంటికి వచ్చినా పని మొదలెట్టే ముందు దానికి పసుపు తడిపి బొట్టు పెట్టి, మీద కుంకం అద్దేది. ఉత్త ఒంటితో వచ్చి తయారై వెళ్ళే ఆడపిల్ల, బొట్టన్నా పెట్టకుండా ఎలా అనేది. నాన్న ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా వద్దనలేదు. టేకు గట్టి చెక్క, పసుపు పైపైనే ఉండేది. ఉప్పుకాగితం నాలుగు పట్లు పడితే పోయేది. పోకపోయినా ఆ ముదురు రంగు కింద ఎవరికి కనబడుతుంది. ఈ బీరువాకి కూడా ఎడమ తలుపు మీద, సరిగ్గా కంటి ఎత్తున, అమ్మ బొట్టు పెట్టింది.

ఓడచెక్కతో మొదటి రోజే చిక్కొచ్చింది. నాన్న ఒక చెక్క ముక్క మీద రంగు పెట్టి చూశాడు. ఒకచోట గటగటా తాగేసింది, పక్కనే అసలు ముట్టలేదు. ఆకాశంలో చెదిరిన మబ్బుల్లా మచ్చలు మచ్చలుగా ఉంది. నేను ఆ మాటే చెప్పాను.

"తెలస్తంది," అన్నాడు నాన్న. తడి చేత్తో ఇంకో ముక్క మీద రాశాడు. కాసేపాగి బొటనవేలితో అంతటా నొక్కి చూశాడు. "ఇక్కడ అప్పుడే ఆరిపోనాది. ఇక్కడ ఇంకా సల్లగుంది. ఆకలి మీదుందమ్మా ఈ సెక్క."

ఆకలి రుచెరగదంటారు కదా. ఆ చెక్కకి ఏ రంగు పెట్టినా అంతే. మూడు రోజులు రకరకాలుగా పెట్టి చూశాడు, చూసి గీకేశాడు. అన్నం దగ్గర కూడా వేళ్ళతో పీట గీకుతూ కూర్చునేవాడు. నాలుగో రోజు అమ్మ పెరట్లో చీరలకి గంజి పెడుతూ, ఎవరినీ చూడకుండా, తనలో తను అనుకున్నట్టు అంది.

"గంజెట్టిన సీరకి మరక ఏగిరం పట్టదు. ఆ సెక్కకి కూడా ఇంత గంజెట్టరాదేటి."

నాన్న పెద్దగా నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. లేచి వసారాలోకి వెళ్ళి స్పిరిట్ సీసా తీశాడు. లక్క ఎప్పుడూ కలిపే దానిలో నాలుగో వంతు కూడా వెయ్యలేదు. నీళ్ళలా పల్చగా కలిపాడు. దూది మీద గుడ్డ చుట్టి, ఆ లక్కనీళ్ళు చెక్క మీద ఒక్క పూత పూశాడు. ఆరాక, అరిగిపోయిన ఉప్పుకాగితంతో పసిపిల్ల వీపు నిమిరినట్టు నిమిరాడు. ఆ మీద రంగు పెట్టాడు. రంగు అంతటా ఒక్కలా కూర్చుంది.

"ఆకలి మీదున్నోడి ముందు అన్నమెడితే అడ్డదిడ్డంగా మింగేత్తాడు," అన్నాడు నాతో. "ముందు రెండు గుక్కలు గంజి తాగించీసేవనుకో, అప్పుడు నిదానంగా తింటాడు." అమ్మతో మాత్రం ఏమీ అనలేదు. ఆ పూట ఆవిడ వడ్డించిన చారు బాగుందన్నాడు. మా ఇంట్లో మెచ్చుకోళ్ళు అలాగే ఉండేవి, చిరునామా మార్చుకుని వచ్చేవి.

మర్నాడు చీరలు కట్టించి బీరువా మొత్తం పని చేశాడు. ఆ రోజు నేను వెళ్ళలేదు. ఆ తర్వాత రోజు పొద్దున్న నేను వెళ్ళేసరికి చీరలు విప్పేసి ఉన్నాయి. సముద్రం మీది నుంచి వచ్చే తెల్లటి వెలుగు వసారా నిండా ఉంది. అందులో ఆ బీరువా నిలబడి ఉంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. మా వసారాలో అలాంటి వస్తువు నేనెప్పుడూ చూడలేదు. చెక్కలోని నారలన్నీ నీళ్ళ అడుగున ఇసక గీతల్లా కనబడుతున్నాయి. రంగు ఉందో లేదో తెలియనంత లేతగా ఉంది. సింహాచలంలో చేతిలో పెట్టే గంధం ఆరితే ఎలా ఉంటుందో అలా ఉంది.

అప్పుడు ఎడమ తలుపు చూశాను. కంటి ఎత్తున, రూపాయి బిళ్ళంత పసుపు బొట్టు. కుంకం పొడిగా అద్దింది కాబట్టి రాలిపోయింది. పసుపు తడిగా పెట్టింది, ఆకలి మీదున్న చెక్క దాన్ని లోపలికంటా తాగేసింది. పైగా స్పిరిట్ తగిలి దాని అంచులు చెదిరాయి. చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు బొట్టు చుట్టూ లేత పసుపు వలయం ఒకటి. వీధిలో వెళ్ళేవాడు ఆగి చూసినా అదే ముందు కనబడుతుంది.

నాన్న సరిగ్గా ఆ తలుపు ముందే నిలబడి ఉన్నాడు. దానికీ ఆయన ముఖానికీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

"ఎలగుందమ్మా," అన్నాడు. ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ఉంది. "ఒక్క మచ్చుంటే సెప్పు."

ఆ ఒక్క క్షణంలో ఏడాదిగా జరిగినవన్నీ ఒక్కొక్కటే లేచి వచ్చాయి. పేపరు చదవడం మానేశాడు, అచ్చు బాగోలేదన్నాడు. బల్బులు ఈ మధ్య సరిగా వెలగట్లేదన్నాడు. నేను కట్టుకొచ్చిన నిమ్మపండు రంగు చీరని తెల్లచీర బాగుందన్నాడు, మేం నవ్వాం. కళ్ళలో పొర వచ్చినవాళ్ళకి ముందు పసుపు రంగు పోతుందని నాకు అప్పుడు తెలియదు. కానీ ఆయనకి ఆ బొట్టు కనబడటం లేదని మాత్రం తెలిసిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న మేస్త్రీ తన పని మీద ఉన్న మచ్చని చూడలేకపోతున్నాడు.

"బాగుంది నాన్నా," అన్నాను. "మచ్చేటీ నేదు."

అబద్ధం చెప్పడం నాకు అంతగా చాతకాదు. కానీ ఆ రోజు గొంతు తొణకలేదు. ఆయన తృప్తిగా స్నానానికి వెళ్ళాడు.

మధ్యాహ్నం భోంచేసి ఆయన నడుం వాల్చాక, నేను చప్పుడు చెయ్యకుండా ఉప్పుకాగితం తీసుకుని ఆ బొట్టు మీద పట్టడం మొదలుపెట్టాను. ఆయన లేచేలోపు గీకేసి, కాస్త రంగు అద్దేస్తే ఎవరికీ తెలియదనుకున్నాను. దారాలు సరిపోల్చేదాన్ని, ఆ మాత్రం చెయ్యలేనా అని పొగరు. గీకిన కొద్దీ పసుపు పోకపోగా చుట్టూ ఉన్న రంగు పోయి, తెల్లటి బోసి వలయంలో పసుపు ఇంకా పచ్చగా మెరిసింది. వెనక నుంచి ఆయన చెప్పుల చప్పుడు.

దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఆయన తిన్నగా వచ్చి తలుపు మీద చెయ్యి వేశాడు. ఆ బొటనవేలు అంతటా నడిచి, నేను గీకిన చోటికి వచ్చి ఆగింది.

"ఇక్కడెవులు పట్టేరు." ఆయన గొంతు పెద్దది కాదు. కోపం వస్తే ఇంకా చిన్నదవుతుంది. "నా పని మీద సెయ్యెట్టిందెవులు."

"నానే నాన్నా."

"ఏల."

ఆయన ఇంకా అడిగాడు. ఎవరు నేర్పారు నీకు, ఆరిన రంగు మీద కాగితం పడతారా, ముప్పై ఏళ్ళలో నా పని మీద ఇంకొకళ్ళు చెయ్యి పెట్టలేదు అన్నాడు. అప్పుడు నాకూ రోషం వచ్చింది. నా రోషం కూడా ఆయన్నించి వచ్చిందే.

"అమ్మెట్టిన పసుపు కనపడతంది నాన్నా," అన్నాను. "అందుకు."

ఆయన వేలు తలుపు మీదే ఉంది. అది తియ్యకుండానే అడిగాడు.

"ఎంతుంది."

"రూపాయి బిళ్ళంత."

"పొద్దుట్నించీ ఉందా."

"ఉంది."

ఉన్నమాటంటే ఉలుకెక్కువంటారు. మా నాన్న ఉలకలేదు. చేతిలో గుడ్డ మడతపెట్టి, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని, పీట మీద కూర్చున్నాడు. నేను కింద కూర్చున్నాను. ఎక్కడో ఓడ కూసింది, లోపల గిన్నెలు మోగాయి.

"ఏడాదై ఉంటాది," అన్నాడు. "మంచులో సూసినట్టుంటంది, అంతా. ముదురు పాలిష్‌కి కళ్ళతో పన్నేదమ్మా. సెంచా లెక్కుంది, వాసనుంది, సెయ్యుంది. ఎవులికీ తెలదు. మీ అమ్మకి కూడా తెలదు. ఈ లేత రంగు పని ఎందుకొప్పుకున్నాననుకున్నావు. నా సూపు ఎంతవరకుందో సూసుకుందారని." కాస్త ఆగాడు. "సూసుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఇంట్లో మనుషులం ఉండగా ఏడాది పాటు ఒక్కడూ ఆ మంచులో ఎలా తిరిగాడు అని. పొద్దున్న నేను ఆడిన అబద్ధం గుర్తొచ్చి ఆ కోపం నా మీదికే తిరిగింది. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. నా చేత్తో నేనే పెట్టాను అని కొంగు నోట్లో కుక్కుకుంది.

"నువ్వెట్టబట్టే తెలిసిందే," అన్నాడు నాన్న. "నేపోతే ఆ ఇంజినీరమ్మ సెప్పేది, నలుగురి మజ్జిని." తర్వాత నా వైపు తిరిగాడు. "ఈ బీరువా నా సేత్తోనే అవ్వాల. బైట ఒక్కలికి తెలకూడదు. మేస్త్రీకి కళ్ళానవంటే రేపు గుమ్మంలోకి ఒక్క సామాను రాదు. నువ్వు సూసి సెప్పు, నాను సేత్తాను. ఓపాలి ఆడేవు, మరి అబద్ధమాడకు."

సరేనన్నాను. ఆ తర్వాతి అయిదారు రోజులు నా బతుకులో అన్నిటికన్నా నెమ్మదిగా గడిచిన రోజులు. ఆయన తలుపు ఊడదీసి, స్పిరిట్ గుడ్డతో రంగంతా తుడిచి, గాజు పెంకుతో మెత్తగా గీశాడు. బొట్టు సగం పోయింది, సగం అలాగే ఉంది. ఇంకా గీస్తే గుంట పడుతుందన్నాడు. అప్పుడు అమ్మే చెప్పింది. బట్టల మీద పసుపు మరక పడితే సబ్బుకి పోదు, ఎండకి పోతుంది అని. తలుపుని మేడ మీదికి మోసుకెళ్ళి ఎండలో పెట్టాం. ఎర్రదుమ్ము వాలకుండా నేను పక్కన కూర్చుని మెత్తటి గుడ్డతో తుడుస్తూ ఉన్నాను.

మేడ మీద నుంచి సముద్రం కనబడేది. లోపలికి రావడానికి వంతు కోసం ఆగిన ఓడలు దూరంగా కదలకుండా ఉండేవి. ఆ పసుపు వైపే చూస్తూ కూర్చుంటే అది అసలు తగ్గేది కాదు. ఓడల వైపు చూసి, ఎండకి కళ్ళు చికిలించి, కాసేపు కునుకు తీసి మళ్ళీ చూస్తే కొంచెం తగ్గి ఉండేది. అది పోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు, పోయాక మాత్రమే చూశాను. నాన్న చూపు కూడా మా అందరి ఎదుటే అలాగే పోయి ఉంటుందని అప్పుడు అనుకున్నాను. గంటకోసారి ఆయన కింద నుంచి కేకేసేవాడు, ఎంతుందమ్మా అని. అర్ధరూపాయంత నాన్నా అనేదాన్ని. పావలా అంత. రెండో రోజు సాయంత్రానికి నేదు నాన్నా అన్నాను. ఆయన మెట్లు తడుముకుంటూ పైకి వచ్చాడు. "నిజిమే సెప్తన్నావా," అన్నాడు. ఒట్టు అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు, ఒట్టు సరిచూసుకుంటున్నట్టు.

మొదట కలిపిన రంగు మిగల్లేదు, మళ్ళీ కలిపి కుడి తలుపుకి సరిపోల్చడం ఇంకా కష్టమైంది. నాకు కనబడింది ఆయనకి చెప్పడానికి మా దగ్గర మాటల్లేవు. ఇంకొంచెం అంటే ఎంత, లేత అంటే ఎంత. చివరికి వంటింట్లోకి వెళ్ళి మాటలు తెచ్చుకున్నాం. ఇప్పుడెలగుంది అంటే, మీగడలా ఉంది నాన్నా అనేదాన్ని. ఆయన పసుపు మట్టి పొడి చిటికెడు వేసేవాడు. ఇప్పుడు జీడిపప్పు. ఇంకాస్త కాఫీరంగు పొడి, చిటికెడు ఎర్రటి పొడి. ఇప్పుడు వేగిన జీడిపప్పు. ఎక్కువైపోనాది, అని స్పిరిట్ పోసేవాడు. అమ్మ సింహాచలం నుంచి తెచ్చి దేవుడి గూట్లో దాచిన గంధం ఉండని పళ్ళెంలో పెట్టి తెచ్చింది. కుడి తలుపు రంగు అచ్చం అదే, దాని పక్కన చెక్క ముక్క పెట్టి చూశాను.

"తేడా ఉందా," అన్నాడు.

"కొంచెం ఉంది. గంధం ఇంకా సల్లగుంది."

అంత తెలివితక్కువ మాట నేను ఇంకెవరితోనైనా అంటే నవ్వేవారు. ఆయన మాత్రం తలూపి, ఎర్రటి పొడి ఎక్కువైందని పట్టుకున్నాడు. అలా ఎన్నిసార్లో నాకు గుర్తు లేదు. తడి చీరల మధ్య, ఆ నీలం పచ్చ నీడల్లో, ఆయన అడగడం, నేను చెప్పడం. చీరల రంగు చెక్క మీద పడి మోసం చేస్తుందని చూడబోయే ముందు ప్రతిసారీ ఒక చీర తొలగించేదాన్ని. ఒకసారి అలసిపోయి, సరిపోయింది అనేద్దామనిపించింది. నోటి దాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మానేశాను. ఆఖరికి ఒకసారి గంధం ఉండ ఎక్కడుందో, చెక్క ఎక్కడ మొదలైందో ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. అప్పుడు చెప్పాను.

ఎడమ తలుపు మీద ఆయన రంగు పెడుతుంటే ఆ రోజు చూశాను ఆయన చేతిని. పై నుంచి కిందికి, నార వెంబడి, మధ్యలో ఆగకుండా. ఆగితే అక్కడ గీత పడుతుంది. ఆ చేతికి కళ్ళతో ఏం పని లేదు. కళ్ళు మూసుకునే పెట్టాడు కూడా, ఎలాగూ అవి దారి తప్పిస్తన్నాయి అని.

బీరువాని వ్యాను మీద కాలనీకి తీసుకెళ్ళాం. నేనూ వెళ్ళాను, తోడుకని అమ్మ పంపింది. అక్కడ రోడ్లు కొత్తవి, చెట్లు నా మోకాలంత ఉన్నాయి, ఎర్రమట్టి మీద ఒక్కలాంటి ఇళ్ళు వరసగా ఉన్నాయి. బీరువాని హాల్లో కిటికీ పక్కన పెట్టారు. కిటికీ వెలుగు పూర్తిగా దాని మీద పడింది. ఆవిడ వంగి, నిలబడి, పక్క నుంచి, వెలుగుకి ఎదురుగా, అన్ని వైపుల నుంచీ చూసింది. ఎడమ తలుపు మీద చెయ్యి వేసి రాసింది. ఎక్కడా మచ్చ లేదు, గీత లేదు. నాకు తెలుసు లేదని, అయినా ఆవిడ చెయ్యి వెంటే నా చూపు నడిచింది.

"ఇదేనండీ నేనడిగింది," అంది ఆవిడ. "అందరూ కుదరదన్నారు. ఇంత లేత రంగు ఇంత సమంగా పెట్టాలంటే ఎంత చూపుండాలి. మీ కళ్ళకి దణ్ణం పెట్టాలి మేస్త్రీ గారూ."

నేను నేల వైపు చూస్తున్నాను. గట్టెక్కాం అనుకున్నాను. ఆయన కోరుకున్నదంతా జరిగింది, బయట ఎవరికీ తెలియలేదు. ఇక నమస్కారం పెట్టి బయటపడటమే మిగిలింది. నాన్న కదల్లేదు. భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి వాటి మీద ఏమీ లేదు.

"కళ్ళు మా అమ్మాయివమ్మా," అన్నాడు. "నాకు సూపానదు. రంగు సూసింది తనే. సెయ్యి మట్టుకు నాది."

ఆవిడ నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది, మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్ళింది. నేను ఆయన్ని అడగాలనుకున్నాను, ఎందుకు చెప్పావని. వద్దని నా దగ్గర మాట తీసుకున్నది నువ్వే కదా అని. అడగలేకపోయాను. ఆయన ముఖంలో మాత్రం బరువు దించుకున్న మనిషి నిదానం ఉంది. రంగు చూసినవాళ్ళ పేరు చెప్పకుండా పని ఇచ్చి రావడం ఆయన వల్ల కాలేదు, అంతే.

మజ్జిగ తాగి, రోడ్డు దాకా నడిచి బస్టాపులో నిలబడ్డాం. దూరంగా రోడ్డు చివర ఎండలో ఒక బస్సు కదులుతూ కనబడింది. ఏడాదిగా ఆయన ఒంటరిగా ఊరంతా తిరిగాడు. బస్సులు ఎలా గుర్తు పట్టాడో, ఎవరిని అడిగాడో, ఎన్నిసార్లు తప్పు బస్సెక్కి దిగాడో మాకెప్పుడూ చెప్పలేదు. మమ్మల్ని ఏనాడూ అడగలేదు.

"ఆ వచ్చే బస్సు మీద ఏటి రాసుందో సూడమ్మా," అన్నాడు.

దగ్గరికి వచ్చేదాకా ఆగి, చదివి చెప్పాను.